జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి పిన్నితో వెళ్లాం: టెంట్ ఎలా ఎంచుకున్నామంటే

మా పిన్ని సంగీతం టీచరు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పింది, మోకాళ్లు అరిగిపోయి కింద కూర్చోలేకపోయాక మానేసింది. ఆవిడకి అరుణాచల్ ప్రదేశ్‌లో జరిగే జీరో మ్యూజిక్ ఫెస్టివల్ మీద ఆశ పెట్టింది నేనే. ఒకరోజు ఫోన్‌లో వీడియో చూపించాను. చుట్టూ వరి మళ్లు, వెదురుతో కట్టిన స్టేజి, వెనకాల మబ్బు పట్టిన కొండలు. రెండుసార్లు చూసి, "ఏటే, నన్ను తీసుకెళ్తావా అక్కడికి?" అంది. తీసుకెళ్తానన్నాను. ఆ మాట నిలబెట్టుకోడానికి నాలుగు నెలలు పట్టింది, అందులో మూడొంతులు ఒకే ప్రశ్న మీద గడిచింది: రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాం?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. జీరో ఒక లోయ, అపతానీ తెగవాళ్ల ఊళ్లు ఉన్న చోటు. ఫెస్టివల్ 2012లో మొదలైంది, సెప్టెంబర్ చివర్లో నాలుగు రోజులు జరుగుతుంది. పగటి స్టేజి పేరు దాన్యి, రాత్రి స్టేజి పేరు పీలో, అంటే వాళ్ల భాషలో సూర్యుడు, చంద్రుడు. పక్కనున్న హపోలీ అనే చిన్న టౌన్‌లో లాడ్జీలు ఉన్నాయి కానీ అన్ని వేలమందికి సరిపోవు, అవీ ఎప్పుడో నిండిపోతాయి. అందుకే వచ్చినవాళ్లలో ఎక్కువమంది టెంట్లలోనే ఉంటారు. అది వానలు పూర్తిగా తగ్గని కాలం, పైగా 1,500 మీటర్ల పైన ఎత్తు. మన అరకు 900 చిల్లర మీటర్లే అని గుర్తుపెట్టుకుంటే రాత్రి చలి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మేము నలుగురం. నేను, పిన్ని, మా తమ్ముడు, నా ఆఫీసు స్నేహితురాలు. మొదట్లో నేను చేసిన పని, అందరూ చేసే పనే, ఫొటోలు చూడడం. పసుపు బల్బుల తోరణాలు, తెల్ల గుడ్డ టెంట్లు, లోపల మంచాలు, ముందు నెగడు. రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని ఒక్కో క్యాంపు పేజీ చూస్తూ ఇది బాగుంది, ఇది ఇంకా బాగుంది అని వాట్సాప్‌లో తమ్ముడికి పంపేదాన్ని. వారం తర్వాత ఆ ఫొటోలన్నీ పిన్ని ముందు పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని అన్నీ ఓపిగ్గా చూసి ఒక్క మాట అడిగింది. "రాత్రి లేస్తే బాత్రూం ఎంత దూరం?"

ఒక్క ఫొటోలో కూడా బాత్రూం లేదు. పిన్ని రాత్రి రెండుసార్లు లేస్తుంది, కింద కూర్చునే మరుగుదొడ్డి ఆవిడ వాడలేదు. నేను వారం రోజులు చూసినవాటిలో ఆవిడకి పనికొచ్చే సమాచారం ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. ఆ రాత్రే పాత పట్టీ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తెల్లవారుజామున మూడు గంటలకి వాన పడుతుంటే, చీకట్లో, మోకాలి నొప్పితో ఒక మనిషి టెంట్‌లోంచి బయటికి రావాలి అన్న దగ్గర్నుంచి ఆలోచించాను. అక్కడ్నుంచి మొదలుపెడితే అడగాల్సినవన్నీ వాటంతట అవే వచ్చాయి.

మా ముందున్న దారులు మూడు. క్యాంపువాళ్లే వేసి ఉంచే టెంట్ తీసుకోవడం, అందులో పరుపు, స్లీపింగ్ బ్యాగ్ వాళ్లే ఇస్తారు. లేదా మన టెంట్ మనం మోసుకెళ్లి జాగాకి మాత్రం డబ్బు కట్టడం, ఇది బాగా చవక. లేదా ఊళ్లో అపతానీవాళ్ల ఇంట్లో హోమ్‌స్టే. పిన్ని సంగతి తెలిసినవాళ్లందరూ హోమ్‌స్టేకి వెళ్లమన్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ పిన్ని ఒప్పుకోలేదు, ఆవిడ కారణం కూడా సబబుగానే ఉంది: ఇల్లు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంటే రాత్రి పాట అయ్యాక ఆ జనంలో బండి దొరికేదాకా బురదలో నిలబడాలి, లేదంటే బండి కోసం ముందే లేచి వచ్చేయాలి. "సగం కచేరీలో లేచిపోడానికి అంత దూరం ఎందుకే రావడం" అంది. ముప్ఫై ఏళ్లు పాట చెప్పిన మనిషి, చివరి పాట వినకుండా లేవదు.

దాంతో క్యాంపులకి ఫోన్లు మొదలుపెట్టాను. నా హిందీ అంతంతమాత్రం, అయినా ముగ్గురితో మాట్లాడగలిగాను. మొదటి అతను నేను ఏది అడిగినా "అన్నీ ఉంటాయి మేడమ్" అన్నాడు. బాత్రూంలు ఎన్ని? అన్నీ ఉంటాయి. కమోడ్ ఉందా? అన్నీ ఉంటాయి. పోయినేడు వాన పడినప్పటి ఫొటో ఉంటే పంపమంటే మళ్లీ ఆ పసుపు బల్బుల ఫొటోనే పంపాడు. రెండో చోట అడ్వాన్స్ పూర్తిగా ముందే కట్టాలన్నారు, రాలేకపోతే తిరిగి ఏమొస్తుంది అంటే జవాబు లేదు. మూడో చోట ఫోన్ తీసింది ఒక కుర్రాడు, అక్కడివాడే. అతను చెప్పిన మొదటి మాట ఇప్పటికీ గుర్తుంది. మా జాగా ఒక పక్క పల్లంగా ఉంటుంది, వాన వస్తే నీళ్లు అటే పోతాయి, కాబట్టి పై వరసలు అడగండి అన్నాడు. కమోడ్లు రెండే ఉన్నాయి, పొద్దున ఆరు దాటితే లైను ఉంటుంది అనీ చెప్పాడు. జనరేటర్ ఏ మూల పెడతారో కూడా చెప్పాడు. వాళ్ల పేజీలో ఫొటోలు అంత అందంగా ఏమీ లేవు. తన జాగాలో లోపమేంటో అడక్కుండా చెప్పినవాడి దగ్గరే పిన్నిని పెట్టాలనుకున్నాను.

అతన్ని నేను అడిగినవి ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. నేల గడ్డా, కోసేసిన మడి చెక్కా? టెంట్ కింద వెదురు తడిక గానీ చెక్క గానీ వేస్తారా, లేక నేల మీదే పరుపా? లోపల మనిషి నిలబడగలిగేంత ఎత్తు ఉందా? టెంట్ నుంచి బాత్రూంకి ఎన్ని అడుగులు, దారిలో మెట్లు గానీ కాలవ గానీ ఉన్నాయా, రాత్రంతా దీపం ఉంటుందా? తాగే నీళ్లు ఎక్కడ? స్టేజి నుంచి ఎంతసేపు నడక, అది మామూలు మనిషి నడకా, అరవై దాటినవాళ్ల నడకా? ఈ చివరి ప్రశ్నకి అతను కాసేపు ఆగి, "మా అమ్మ అయితే ఇరవై నిమిషాలు నడుస్తుంది" అన్నాడు. పేజీలో ఏడు నిమిషాలని ఉంది.

చివరికి తేల్చుకున్నది ఇదీ. నేనూ పిన్నీ వాళ్లు వేసిన పెద్ద టెంట్‌లో, పై వరసలో. తమ్ముడు, స్నేహితురాలు వేరు వేరుగా పడుకోవాలి కదా, స్నేహితురాలు మాతో, తమ్ముడు పక్కనే మా సొంత టెంట్‌లో, జాగాకి మాత్రం డబ్బు కట్టి. సొంత టెంట్ కూడా ఉండాలని పట్టుబట్టింది నేనే. ఏదైనా తేడా వస్తే పిన్నిని పెట్టడానికి మేము చూసుకున్న టెంట్ ఒకటి దగ్గర ఉండాలనిపించింది. తమ్ముడు డబ్బు దండగ అన్నాడు. తర్వాత ఆ మాట అనలేదు.

టెంట్ కొనడంలో నేర్చుకున్నది చాలా ఉంది. ఇద్దరి టెంట్ అని రాసి ఉంటే ఇద్దరు మనుషులు భుజం భుజం ఆనించి పడుకుంటే సరిపోయే టెంట్ అని అర్థం, బ్యాగులకి చోటుండదు. అందుకే ముగ్గురిది తీసుకున్నాం. లేబుల్ మీద 2,000 మిల్లీమీటర్లు అని ఉంటుంది, అది పొడవు కాదు. ఆ గుడ్డ మీద నిలువుగా గొట్టం పెట్టి నీళ్లు పోస్తూ పోతే ఎంత ఎత్తు నీళ్లదాకా తడి దిగకుండా ఆపుతుందో ఆ లెక్క. పై కవరుకి ఆ అంకె సరిపోతుంది, కింద పట్టాకి ఇంకా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే మోకాలు ఆనించినా మోచెయ్యి ఆనించినా ఆ ఒక్కచోటే మన బరువంతా పడి తడి లోపలికి వస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు ఉష్ణోగ్రతలు రాస్తారు. షాపుల్లో గొప్పగా చూపించేది అన్నిటికంటే తక్కువ అంకె, అది ప్రాణం నిలిచే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు చూడాల్సింది కంఫర్ట్ అని రాసిన అంకె ఒక్కటే. పిన్నికి ఆ అంకె చూసే కొన్నాం. ఇంకోటి, ఎంత మంచి బ్యాగైనా మన ఒంటి కింద నలిగిపోయిన భాగం చలి ఆపదు, కింద ఫోమ్ చాప ఉండాల్సిందే. డిసెంబర్‌లో లంబసింగిలో అద్దె టెంట్‌లో పడుకున్నప్పుడు నడుం కింద ఎందుకు గడ్డకట్టిందో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. ఆ రాత్రి తెల్లారేసరికి పైనుంచి చుక్కలు కూడా పడ్డాయి, మంచు దిగిందనుకున్నాం. అది మా ఊపిరే. మనిషి రాత్రంతా ఊపిరిలో, చెమటలో వదిలే తేమ అర లీటరు దాకా ఉంటుంది, చలికని కిటికీలన్నీ మూసేస్తే అది చల్లటి గుడ్డకి తగిలి నీళ్లవుతుంది.

కొన్నాక ఆగస్టులో మేడ మీద వేసి చూశాం. వాన రాని రోజు కుళాయి పైపుతో తడిపాం, వచ్చిన రోజు ఇద్దరం లోపల కూర్చున్నాం. అటక మీద నాన్న దాచిన నీలం బరకం ఒకటి ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా మేడ మీద రేకుల షెడ్డు ఎగిరిపోతే, నెల రోజులు ఆ బరకం కిందే మా వంట. కరెంటు లేక, నీళ్లు లేక, ఊళ్లో చెట్టన్నది నిలబడక గడిపిన రోజులవి, అందుకే నాన్న ఆ బరకాన్ని పారేయరు, ఎవరికీ ఇవ్వరు. దాన్ని టెంట్ కింద పరిచాం, టెంట్ కంటే మూర పొడవు బయటికి ఉంది, మంచిదే కదా అనుకున్నాం. పైపు పెట్టిన పావుగంటకి టెంట్ కింద చెరువు. బయటికి ఉన్న బరకం మీద పడ్డ నీళ్లన్నీ తిన్నగా మా కిందకే వచ్చాయి. కింద పరిచేది టెంట్ అంచు దాటకూడదు, ఒక బెత్తెడు లోపలికే ఉండాలి. బరకాన్ని పైన కట్టుకుందాంలే అని మళ్లీ మడతపెట్టాం.

ఆ తర్వాత ఆదివారం తెల్లవారుజామున పెద జాలరిపేట వైపు తీరానికి వెళ్లాం, గాలికి ఎలా నిలబడుతుందో చూద్దామని. మేకు కొడుతుంటే ఇసుకలో దిగుతోంది, తాడు లాగితే వచ్చేస్తోంది. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక తాత కాసేపు చూసి లేచి వచ్చాడు. "ఇసకలో మేకు నిలబడదమ్మా, సంచీ ఉందా?" అన్నాడు. మా దగ్గరున్న గుడ్డ సంచీ తీసుకుని ఇసుక నింపాడు, మూతి మెలితిప్పి తాడు రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు, మోచేతి లోతు గొయ్యి తీసి అందులో అడ్డంగా పెట్టి పూడ్చి కాలితో తొక్కాడు. "ఇప్పుడు లాగు" అన్నాడు. తమ్ముడు రెండు చేతులా లాగాడు, కదల్లేదు. తాడు నిట్టనిలువుగా కట్టకూడదని, ఎంత ఏటవాలుగా పోతే అంత పట్టు అని, చేతి వాలు పెట్టి చూపించాడు. ఆ ముడి నాకు నాలుగుసార్లు వేయించాడు. వేళ్లు లావుగా, పగుళ్లతో ఉన్నాయి, తాడు మాత్రం వాటి మధ్య నూనె రాసినట్టు జారేది. నాకు నాలుగోసారికి వచ్చింది.

ఇక పిన్ని సాధన. ఇది ఎవరూ చెప్పరు గానీ, టెంట్ ఎంచుకోవడంలో అసలు పరీక్ష ఇదే: నేల మీది పరుపు మీంచి మనిషి లేవగలదా? ఇంట్లో హాల్లో పరుపు కింద వేసి పడుకోబెట్టాను. మొదటిరోజు లేవలేకపోయింది, నేనూ తమ్ముడూ చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి, మీరు వెళ్లండమ్మా అంది. నేను పూర్ణా మార్కెట్ నుంచి జానెడున్నర ఎత్తు ప్లాస్టిక్ పీట ఒకటి తెచ్చాను. పక్కకి ఒత్తిగిలి, పీట మీద మోచెయ్యి ఆనించి, మంచి మోకాలు ముందు పెట్టి, పీట మీద కూర్చుని, అక్కడ్నుంచి లేవడం. రోజూ పొద్దున, రాత్రి. మూడో వారానికి ఒక్కతే లేచింది. ఆ పీట జీరోకి మాతో పాటు వచ్చింది, మా సామాను మొత్తంలో దానికంటే విలువైన వస్తువు లేదు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. అరుణాచల్ వెళ్లాలంటే బయటి రాష్ట్రాలవాళ్లకి ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి, 1873 నాటి చట్టం నుంచి వస్తున్న పద్ధతి అది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని నాలుగు కాపీలు పెట్టుకున్నాం. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ మీదుగానే వెళ్తుంది, గౌహతి దాకా అందులో, అక్కడ్నుంచి రాత్రి రైల్లో నాహర్లగూన్, ఆ పైన సుమోలో నాలుగైదు గంటల ఘాట్. పిన్నికి ముందు సీటు అడిగి తీసుకున్నాం.

క్యాంపు చేరేసరికి సాయంత్రం నాలుగు. మాకు చెప్పిన పై వరస వేరేవాళ్లకి ఇచ్చేశారు. నాతో ఫోన్‌లో మాట్లాడిన కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకుని, యజమాని మార్చేశాడని చెప్పాడు. మా టెంట్ కింది నుంచి రెండో వరసలో ఉంది. నాకు ఒళ్లు మండింది, నాలుగు నెలల ఫోన్లు, ఎన్నిసార్లు అడిగాను, రాసి పంపించుకున్నాను కూడా. ఆ మెసేజ్ తీసి యజమానికి చూపించాను. పెద్ద టెంట్ మార్చడం కుదరదన్నాడు, కానీ సొంత టెంట్‌కి జాగా మాత్రం పైన వెదురు పొద పక్కన ఇస్తానన్నాడు. అక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది, వాదించే టైం లేదు, సరేనన్నాను. ఆ నేల బాగా నాని ఉంది, మేకు వేలితో తోస్తే దిగిపోతోంది. తమ్ముడు నా వైపు చూశాడు, నేను సంచీలు తీశాను. బురద, రాళ్లు నింపి, మెలితిప్పి, ముడి వేసి, అడ్డంగా పాతాం. పక్క టెంట్ల కుర్రాళ్లు వచ్చి చూసి వాళ్లూ మొదలుపెట్టారు.

మొదటి రాత్రి వాన లేదు. పీలో స్టేజి ముందు పిన్నికి మడత కుర్చీ వేశాం. మంచు కిందకి దిగి దీపాల చుట్టూ తిరుగుతుంటే, ఏ భాషో మాకెవరికీ తెలియని ఒక పాటకి ఆవిడ తొడ మీద తాళం వేస్తూ కూర్చుంది. చివరి పాట దాకా ఉన్నాం. నడక ఇరవై రెండు నిమిషాలు. కుర్రాడి లెక్క సరిగ్గానే ఉంది.

రెండో రాత్రి ఒంటిగంటకి వాన మొదలైంది. పెద్ద టెంట్ కుట్ల దగ్గర్నుంచి చుక్క చుక్కగా మొదలై అరగంటకి ధారయింది, పరుపు ఒక పక్క తడిసింది, కింద పట్టా మీద నడిస్తే నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. పిన్ని కంగారుపడలేదు. ఒత్తిగిలి, పీట మీద మోచెయ్యి ఆనించి, కూర్చుని, లేచింది. చీకట్లో ఆ పీట చప్పుడు విన్నప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నేను ఒక చెయ్యి, స్నేహితురాలు ఒక చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాం. తమ్ముడు అప్పటికే లేచి టెంట్ ఖాళీ చేసి తన చాప ఆవిడకి వేశాడు. లోపల పొడిగా ఉంది. పిన్నిని పొడి బ్యాగ్‌లో పడుకోబెట్టి నేను, స్నేహితురాలు చెరో పక్క ఇరుక్కున్నాం. తమ్ముడూ, ఆ కుర్రాడూ కలిసి నాన్న బరకాన్ని నాలుగు వెదురు గెడల మీద ఏటవాలుగా కట్టారు, దాని కింద కుర్చీలో తమ్ముడు తెల్లవార్లూ కూర్చున్నాడు. తెల్లవార్లూ అంటే అక్కడ మరీ ఎక్కువసేపేం కాదు, ఐదింటికే వెలుగొచ్చేస్తుంది, మనకంటే ముప్పావుగంట ముందు. టెంట్‌లో పడుకునేవాళ్లు కళ్ల మీద కట్టుకోడానికి నల్లగుడ్డ తీసుకెళ్లండి, లేదంటే అర్ధరాత్రి దాటి పడుకుని ఐదుకి లేవాల్సి వస్తుంది, మూడో రోజుకి పాట వినే ఓపిక ఉండదు.

తర్వాతి రెండు రాత్రుల సంగతి ఆ కుర్రాడే చూశాడు. పొద్దున వచ్చి, మా బంధువుల ఇల్లుంది, పెద్దమ్మని అక్కడికి తీసుకెళ్దాం అన్నాడు. ఇల్లు దూరమని పిన్ని ముందు సందేహించింది, రాత్రి చివరి పాట అయ్యాక తనే బండి మీద దింపుతానని మాటిచ్చాడు, ఇచ్చినట్టే దింపాడు. వెదురు, చెక్కలతో నేలకి ఎత్తుగా కట్టిన ఇల్లు, మధ్యలో పొయ్యి, చుట్టూ కూర్చోడానికి పొట్టి పీటలు. పిన్ని ఆ పీటలు చూసి నా వైపు తిరిగి నవ్వింది. ఇంటావిడ రాత్రి పిన్ని మోకాళ్లు నిప్పుకి దగ్గరగా ఉండేలా తన చోటు ఇచ్చింది. మాకు వాళ్ల మాట రాదు, వాళ్లకి మన మాట రాదు. పొద్దున మడి దగ్గరికి తీసుకెళ్లి వరి దుబ్బుల మధ్య నీళ్లలో తిరిగే చేపల్ని చూపించింది. అపతానీవాళ్లు వరి, చేప ఒకే మడిలో పెంచుతారు, గట్ల మీద చిరుధాన్యాలు వేస్తారు. గట్టు మీద నిలబడి పిన్ని ఆ చేపల్ని చాలాసేపు చూసింది.

నేను, స్నేహితురాలు మాత్రం టెంట్‌లోనే ఉన్నాం, తమ్ముడు బరకం కింద మంచం లాంటిది ఒకటి వెదురుతో కట్టించుకున్నాడు. రాత్రి పాట ఆగాక లోయలో కప్పల చప్పుడు, వెదురు ఆకుల మీంచి జారే నీటి చుక్కలు, దూరంగా ఎవరో ఇంకా పాడుకుంటున్న గొంతు, ఇవి ఇంట్లో పడుకుంటే వినబడవు. అందుకే టెంట్ వద్దని మాత్రం ఎవరికీ చెప్పను.

తిరిగొచ్చాక టెంట్‌ని మేడ మీద రెండు రోజులు ఆరబెట్టాం. తడిగా మడిస్తే బూజు పట్టి గుడ్డ మీది పూత పోతుంది. బరకం నాన్నకి ఇచ్చేశాం, ఆయన దాన్ని కడిగి, రంధ్రాలేమైనా పడ్డాయా అని వెలుగుకి ఎత్తి చూసుకుని, మళ్లీ అటక మీద పెట్టారు.

ఈసారికి మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. పిన్నికి నాలుగు రాత్రులూ ఆ ఇల్లే, బండి మాట ముందే అనుకున్నాం. మాకు రెండూ సొంత టెంట్లే. వరస మాటని ఇక నమ్మను, వెదురు పొద పక్క జాగా అని గుర్తు చెప్పి రాయించుకున్నాను. నిన్న సాయంత్రం ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే, వానలు ముదిరాక నేల ఎలా ఉందో వీడియో తీసి పంపిస్తానన్నాడు. పక్క గదిలోంచి పిన్ని, కమోడ్లు పెంచారేమో అడగమంది. నాలుగు పెట్టారట.